‘ఫర్వాలేదు’ని ఏ గంపలో వేయాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభల రెండో రోజు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. అది సముద్రం. అరగంటలో సముద్రం గురించి చెప్పబోతే ఉప్పగా ఉంటుందని చెప్పి కూర్చోవాలి. అందుకని నేను రోజూ చేసే పనిలోంచి ఒక చిన్న ముక్క తీసుకుంటాను. నేను ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ సైన్సు చెబుతాను. పాఠాలతోపాటు నాకు అప్పగించిన ఇంకో పని ఉంది. హాస్టలు, మెస్సు, లైబ్రరీ, బస్సులు, ఫీజుల కౌంటరు, వైఫై, ఇలాంటి వసతుల మీద పిల్లలు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారాలను కంప్యూటరు చేత చదివించి, ఎవరు తృప్తిగా ఉన్నారు, ఎవరు లేరు అని వేరుచేయించడం. దీన్నే మెషీన్ లెర్నింగ్‌లో క్లాసిఫికేషన్ అంటారు. మన మాటలో చెప్పాలంటే గంపల్లోకి ఏరడం.

ఇక్కడే ఇది ఎందుకు చెప్పాలనిపించిందంటే, మీలో సగంమంది ఇప్పుడు హాస్టలు ఫీజులు కడుతున్న తల్లిదండ్రులు. ఇంకొందరు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు. పైగా స్వర్ణోత్సవ నిధితో బడికి ఏం చేయాలని నిన్న సాయంత్రం మనం రెండు గంటలు వాదించుకున్నాం. ఆ వాదనలో అందరి అభిప్రాయాలూ వచ్చాయి గానీ, ఇప్పుడు ఈ బడిలో చదువుతున్న పిల్లల మాట ఒక్కటీ రాలేదు. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

కాలేజీలు పిల్లల్ని ఇలా ఎందుకు అడుగుతున్నాయో ముందు చెప్పాలి. ప్రేమకొద్దీ అని నేను అనను. ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్ 2017లో తన విధానం మార్చినప్పుడు విద్యార్థి సంతృప్తి సర్వే అనే అంశం అందులో పెట్టింది. ఇరవై ఒక్క ప్రశ్నలు. చివరిది తప్ప అన్నీ టిక్కు పెట్టేవే. ఎక్కువ భాగం సిలబస్ ఎంత పూర్తయింది, పాఠం ఎలా చెబుతున్నారు అనే బోధన విషయాలే. మెస్సు, బస్సు లాంటివి ప్రతి కాలేజీ తన సొంత ఫారంలో అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు చాలా బాగుంది, బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు, అసలు బాగాలేదు అని అయిదు మెట్లు. ఈ మెట్ల పద్ధతిని 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. తొంభై ఏళ్లు దాటినా దాన్ని పక్కకు జరిపింది లేదు.

ఫారం అడుగున ఖాళీ పెట్టె ఒకటి ఉంటుంది. ‘మీ సూచనలు’ అని. రెండువేలమంది పిల్లలు, ముప్ఫై ప్రశ్నలు. అరవైవేల టిక్కులు. వాటితోపాటు ఆ ఖాళీ పెట్టెల్లో రాసినవి. ఎవరు చదువుతారు? చాలాచోట్ల సగటు తీసి, రంగురంగుల బార్లు గీసి ఫైల్లో పెడతారు. మెస్సుకి అయిదుకి 3.6 వచ్చింది అంటారు. 3.6 తిని ఎవరికీ కడుపు నిండదు.

ఇక యంత్రం ఏం చేస్తుందో చెబుతాను. మన ప్రాంతంలో ధాన్యం అమ్మని ఇల్లు లేదు కాబట్టి ఆ లెక్కలోనే చెబుతాను. కొనుగోలు కేంద్రానికి ధాన్యం తీసుకెళితే ముందు తేమ చూస్తారు. పదిహేడు శాతం దాటిందా? దాటితే ఆరబెట్టుకు రమ్మంటారు. దాటకపోతే తర్వాతి ప్రశ్న, తాలూ మట్టీ ఎంత ఉంది? ఆ తర్వాత, రంగు మారిన గింజలు ఎన్ని? ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును బట్టి ఇంకో ప్రశ్న. ఇలా కొమ్మలుగా విడిపోయే ప్రశ్నల వరసను డెసిషన్ ట్రీ అంటారు. తేడా ఏమిటంటే, కొనుగోలు కేంద్రంలో ప్రశ్నల క్రమం మనుషులు పెట్టింది. యంత్రానికి మనం క్రమం చెప్పం. జవాబు తెలిసిన కొన్ని వందల ఫారాలు ఇస్తాం. ఏ ప్రశ్న ముందు అడిగితే తృప్తిగా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ బాగా విడిపోతున్నారో అదే వెతుక్కుంటుంది.

ఒక్క చెట్టును నమ్మితే అది చూసిన ఫారాలనే బట్టీ పట్టేస్తుంది. అందుకని ఒక్కో చెట్టుకు కొన్ని ఫారాలు, కొన్ని ప్రశ్నలు మాత్రమే చూపించి, అలాంటి వందల చెట్లు పెంచి, వాటి చేత ఓట్లు వేయిస్తారు. ఎక్కువ చెట్లు ఏమంటే అదే తీర్పు. లియో బ్రీమన్ 2001లో ప్రచురించిన ఈ పద్ధతికి రాండమ్ ఫారెస్ట్ అని పేరు. ఇలాంటి సర్వేలకు ఇప్పటికీ చాలామంది దీన్ని వాడతారు. ఇంతకంటే బరువైనవి వచ్చాయి గానీ, టిక్కుల పట్టిక మీద ఇది తేలిగ్గా ఓడిపోదు.

బట్టీ విషయం మా మాస్టార్లకు వేరే చెప్పక్కర్లేదు. గైడులో ఉన్న లెక్కే పరీక్షలో ఇస్తే క్లాసంతా పాసవుతుంది. అందుకే నూటికి ఇరవై ఫారాలు ముందే దాచిపెట్టి, యంత్రం ఎన్నడూ చూడని వాటి మీద పరీక్ష పెడతాం. అక్కడ వచ్చిన మార్కులే లెక్క.

అయితే ఆ మార్కులు ఎలా వేయాలన్న దగ్గర పెద్ద మాయ ఉంది. దీని మీద కొంచెంసేపు ఆగుతాను. మీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల్లో ‘అక్యురసీ 95 శాతం’ అని మీరూ చూసుంటారు.

వెయ్యిమంది పిల్లలున్నారు అనుకుందాం. 850 మంది తృప్తిగా ఉన్నారు, 150 మంది లేరు. నేనొక యంత్రం తయారుచేశాను. ఫారం చూడకుండానే ప్రతి ఒక్కరికీ ‘తృప్తి’ అని ముద్ర వేస్తుంది. దాని అక్యురసీ ఎంత? 85 శాతం! వెయ్యిలో 850 సరిగ్గా చెప్పింది కదా. కానీ మనకు కావలసిన ఆ 150 మందిలో ఒక్కరిని కూడా పట్టుకోలేదు.

ఇప్పుడు ఇంకో యంత్రం. అది 150 మందిలో 105 మందిని పట్టుకుంది, 45 మందిని వదిలేసింది. తృప్తిగా ఉన్న 850 మందిలో 85 మందిని పొరపాటున అసంతృప్తి గంపలో వేసింది. అక్యురసీ 87 శాతం. కాగితం మీద మొదటిదానికీ దీనికీ తేడా రెండు శాతం. పనిలో తేడా 105 మంది పిల్లలు. అందుకే ఎవరైనా విద్యార్థి నా దగ్గరికొచ్చి అక్యురసీ చెబితే, తృప్తి లేనివాళ్లు మొత్తంలో ఎంతమంది, వాళ్లలో ఎంతమంది దొరికారు అని అడుగుతాను. చాలాసార్లు మౌనమే జవాబు.

రెండో యంత్రం కూడా 85 మందిని తప్పుగా పట్టుకుంది కదా అని వార్డెన్లు గొణుగుతారు. నిజమే. అసంతృప్తి గంపలో పడిన 190 మందిలో దాదాపు సగంమందికి ఏ బాధా లేదు. వాళ్లని పిలిచి ‘ఏమ్మా, ఏమైనా ఇబ్బందా’ అని అడిగితే ‘ఏం లేదు సార్’ అని వెళ్లిపోతారు. అయిదు నిమిషాలు పోతాయి. వదిలేసిన 45 మందిలో ఒకరు సెమిస్టరు మధ్యలో పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. ఏ తప్పు ఖరీదెంతో యంత్రానికి తెలియదు, మనం చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. యంత్రానికి ‘తృప్తి’ అంటే ఏమిటో ఎవరు నేర్పారు? ఫారంలో చివరి ప్రశ్న, ‘మొత్తంమీద మీరు సంతృప్తిగా ఉన్నారా’ అన్నది. దానికి పిల్లవాడు పెట్టిన టిక్కే సరైన జవాబనుకుని మిగతా టిక్కుల నుంచి దాన్ని ఊహించడం నేర్చుకుంటుంది. అదే కూర్చోవడంలో, అదే పెన్నుతో, అదే విసుగుతో పెట్టిన టిక్కులు అవన్నీ. అందుకని ఊహించడం పెద్ద గొప్పేమీ కాదు. ఏ వసతి ఎక్కువ తూగుతోందో తెలుసుకోవడానికి అది పనికొస్తుంది. అక్కడ కూడా జాగ్రత్త కావాలి. ఇంటినుంచి బస్సులో వచ్చే పిల్లవాడికి హాస్టలు ప్రశ్న వస్తుంది. ఏం చేస్తాడు? మధ్యలో ‘ఫర్వాలేదు’కి టిక్కు పెట్టేసి ముందుకు పోతాడు. హాస్టలు గుమ్మం తొక్కనివాళ్ల ఫర్వాలేదులన్నీ కలిపి హాస్టలు బాధను పలచన చేసేస్తాయి. ‘నాకు వర్తించదు’ అనే ఒక్క గడి కలిపితే ఏ అల్గారిథమూ చేయలేని మేలు జరుగుతుంది.

ఇక ఆ ‘ఫర్వాలేదు’ సంగతి. నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన మాట అదే. పర్వా పారసీ నుంచి వచ్చింది, లేదు మనదే. లెక్కలేదు, చింతలేదు అని అర్థం. కానీ మనం దాన్ని ఎన్ని రకాలుగా వాడతామో చూడండి. పెళ్లి భోజనం ఎలా ఉందిరా అంటే ‘ఫర్వాలేదు’ అన్నాడంటే బాగాలేదనే. జ్వరం ఎలా ఉంది అంటే ‘ఫర్వాలేదు’ అంటే తగ్గుతోందని. అల్లుడు ఎలాంటివాడు అంటే మామగారు ‘ఫర్వాలేదు’ అన్నారంటే, అది ఆయన మొహం చూసి చెప్పాలి. యంత్రానికి మొహం కనిపించదు. దానికి అది మూడో నంబరు, అంతే. మూడుని ఏ గంపలో వేయాలి? తృప్తిలో వేస్తే కాలేజీ ర్యాంకు పెరుగుతుంది. అసంతృప్తిలో వేస్తే ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలుస్తారు. నేను దాన్ని మూడో గంపగానే ఉంచమంటాను. దానివల్ల యంత్రం మార్కులు తగ్గుతాయి, తగ్గనీయండి.

ఖాళీ పెట్టెలో రాసినవి ఇంకా రుచిగా ఉంటాయి. మన పిల్లలు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. ‘బాగాలేదు’ అన్న ఒక్క మాటకే అరడజను స్పెల్లింగులు చూశాను. కోస్తావాళ్లు ‘బాగోలేదు’ అంటే, తెలంగాణ పిల్లలు ‘మంచిగ లేదు’ అంటారు. మన భాషలో కాదనడం క్రియలోనే కలిసిపోతుంది. ‘వస్తుంది’, ‘రాదు’, ‘వస్తుందన్నారుగానీ రాలేదు’. చివరిదాంట్లో నీళ్లు వచ్చాయా లేదా అన్నది ఆఖరి మాటలో ఉంది. మాటల్ని విడివిడిగా లెక్కపెట్టే పాత పద్ధతులు ఇక్కడ బోల్తా పడతాయి. 2018లో గూగుల్ విడుదల చేసిన బహుభాషా బెర్ట్ నమూనాలో వందకుపైగా భాషలున్నాయి, వాటిలో తెలుగూ ఉంది. సంతోషమే. కానీ అది చదివి నేర్చుకున్నది వికీపీడియా. వికీపీడియాలో ఎవరూ సాంబారుని తిట్టరు.

ఒక పిల్లవాడు రాశాడు, ‘సాంబారు చాలా బాగుంది సార్, అందులో చూసుకుని తల దువ్వుకుంటున్నాం’ అని. యంత్రం ‘చాలా బాగుంది’ చూసి తృప్తి గంపలో వేసింది. వాడి వెటకారం పోయిందని నాకు బాధ, వాడి ఫిర్యాదు పోయిందని ఇంకా బాధ. ఇలాంటివి నేర్పాలంటే ముందు మనుషులు కూర్చుని వేల చీటీలకు గుర్తులు పెట్టాలి. ఒకే చీటీని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి, ఇద్దరూ ఎంతవరకు ఏకీభవించారో లెక్క చూడాలి. దానికి జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా అనే కొలత ఉంది. ఇద్దరు తెలుగు లెక్చరర్లే ఒక మాట మీద ఏకీభవించనప్పుడు యంత్రాన్ని తప్పుపట్టడం అన్యాయం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. తృప్తి అంటే వసతి ఎలా ఉంది అనా, లేక మనిషి ఏం ఆశించాడు అనా? పరశురామన్, జైథామ్ల్, బెర్రీ అనే ముగ్గురు పరిశోధకులు 1985లో ఒక మాట చెప్పారు. సేవ నాణ్యత అంటే ఆశించినదానికీ అందినదానికీ మధ్య ఉన్న దూరం అని. ఇది పైకి చిన్న మాటలా ఉంటుంది. దాన్ని మా హాస్టలుకి పెట్టి చూడండి. ఇంట్లో నలుగురికి ఒక గది ఉన్న పిల్ల హాస్టల్లో తనకంటూ మంచం చూసి ‘చాలా బాగుంది’ అని టిక్కు పెడుతుంది. నగరంలో సొంత గది వదిలి వచ్చిన పిల్ల అదే గదికి ‘బాగాలేదు’ అంటుంది. గది ఒకటే. యంత్రం ఏం నేర్చుకుంటుంది? పల్లెటూరి పిల్లలు, ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లు తృప్తిగా ఉంటారని నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరో పెద్దమనిషి ఆ రిపోర్టు చూసి, ఫలానా బ్లాకులో ఎవరికీ ఇబ్బంది లేదు, రిపేర్లు వచ్చే ఏడాది చూద్దాం అంటాడు. అలా అనడం నేను విన్నాను. తక్కువ అడగడం అలవాటైనవాళ్లకు తక్కువే ఇవ్వడానికి ఇప్పుడు కంప్యూటరు సాక్ష్యం దొరికిందన్నమాట.

ఒక ఫారం గురించి చెబుతాను. నాలుగో అంతస్తులో ఉండే అమ్మాయి. హాస్టలుకి ‘బాగుంది’. నీటి సరఫరాకి ‘ఫర్వాలేదు’. మొత్తంమీద ‘సంతృప్తి’. యంత్రం దాన్ని ఏ అనుమానం లేకుండా తృప్తి గంపలో వేసింది. ఖాళీ పెట్టెలో ఆ అమ్మాయి రెండు ముక్కలు రాసింది: ‘ఆరున్నరకి నీళ్లు ఆగిపోతాయి. నేను నాలుగున్నరకి లేస్తాను.’ ఫిర్యాదు కాదు. బాగాలేదు అన్న మాట కూడా లేదు. వారం రోజులు అలా రాసినవి ఏరి చదివితే పై అంతస్తులవాళ్లు ఇంకొందరు దొరికారు. అందరూ తృప్తి గంపలోనే ఉన్నారు. ట్యాంకుకి మోటారు పెట్టే టైము మార్చారు. గంట పని. ఆ పిల్ల అంతకుముందు ఎన్ని నెలలు నాలుగున్నరకి లేచిందో నాకు తెలియదు.

అప్పటినుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. యంత్రం చెప్పిన అసంతృప్తి గంప మొత్తం చదువుతాను. తృప్తి గంపలోంచి కూడా ప్రతిసారీ ఓ గుప్పెడు తీసి చదువుతాను. బియ్యం బాగుచేసే అమ్మలు చెరిగిన బియ్యాన్ని కూడా ఇంకోసారి చేతుల్లోకి తీసుకుని చూస్తారు చూడండి, అలా.

భయం సంగతి కూడా చెప్పాలి. కొన్నిచోట్ల ఫీడ్‌బ్యాక్ నింపితేగాని హాల్ టికెట్ రాదు. రోల్ నంబరుతో లాగిన్ అవ్వాలి. పేరు బయటపెట్టం అంటారు. పిల్లలు నమ్మరు, నమ్మకపోవడం సబబే. మొదటినుంచి చివరిదాకా నాలుగు, నాలుగు, నాలుగు అని నొక్కి బయటపడతారు. అలాంటి ఫారాలను ముందే ఏరి పక్కన పెట్టకపోతే యంత్రం భయాన్ని తృప్తి అని నేర్చుకుంటుంది. పేరు తీసేస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. మెకానికల్ మూడో సంవత్సరం, అమ్మాయి, ఫలానా బ్లాకు అన్నామంటే అక్కడ ఒక్కరే ఉండొచ్చు. అందుకని పదిమంది కంటే తక్కువ ఉన్న ఏ గుంపు లెక్కా విడిగా చూపించకూడదని మేం నియమం పెట్టుకున్నాం. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల సమాచారం వాడాలంటే మామూలుగా తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. బడిలో పనిచేసే ఉపాధ్యాయులు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఇంకో అడుగు ముందుకేసి, వంటవాళ్లకు ఒక్కొక్కరికీ విడిగా స్కోరు తీసి ఇవ్వగలరా అని కూడా నన్ను అడిగారు. సాంకేతికంగా చేయొచ్చు. నేను చేయనన్నాను. కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి ఉద్యోగం మూడో నంబరు మీద ఆధారపడకూడదు. పప్పు పలచబడేది వంటమనిషి చేతిలో కాదు, తలకింత అని కుదుర్చుకున్న రేటులో. ఆ రేటు ఫారంలో ఎక్కడా లేదు. ఫారంలో లేనిదాన్ని యంత్రం కనిపెట్టలేదు.

ఇప్పుడు మన బడి. నిధితో డిజిటల్ తరగతి గది అని కొందరు, ప్రహరీ గోడ అని కొందరు, వేదిక అని కొందరు అన్నారు. ఏదైనా నాకు సమ్మతమే. ముందు పిల్లల్ని అడుగుదాం అంటున్నాను. దీనికి మెషీన్ లెర్నింగ్ అక్కర్లేదు. ఇంత సేపూ దాని గురించి మాట్లాడి ఇలా అంటున్నానేమిటని అనుకోకండి. అయిదారు వందల చీటీలు చదవడానికి మనుషులే మేలు. నలుగురు కూర్చుంటే రెండు సాయంత్రాల పని. యంత్రం వేలల్లో ఉన్నప్పుడు కావాలి.

ఎలా అడగాలన్నదాని మీద మాత్రం నా అనుభవం వాడుకోండి. ‘నీటి సౌకర్యం ఎలా ఉంది’ అని అడిగితే మనకు మళ్లీ ఫర్వాలేదులే వస్తాయి. ‘నిన్న బడిలో ఎన్నిసార్లు నీళ్లు తాగావు? ఇంటినుంచి తెచ్చుకున్నావా, ఇక్కడివా?’ అని అడగండి. ‘మరుగుదొడ్లు బాగున్నాయా’ అని కాదు, ‘నిన్న బడి మరుగుదొడ్డికి వెళ్లావా? వెళ్లకపోతే ఎందుకు?’ అని అడగండి. ‘మధ్యాహ్నం భోజనం ఎలా ఉంది’ అని కాదు, ‘నిన్న తిన్నావా, ఎంత వదిలేశావు’ అని. ఏం జరిగిందో అడిగితే పిల్లలు నిజం చెబుతారు. ఎలా ఉంది అని అడిగితే మర్యాద చెబుతారు. ఆడపిల్లల చీటీలు ఆడవాళ్లే పంచాలి, ఆడవాళ్లే చదవాలి. పేర్లు వద్దు, తరగతి చాలు. మరో మాట, మాస్టార్లు నన్ను క్షమించాలి, చీటీలు మీరు చదవకూడదు. మీరు పిల్లల చేతిరాత గుర్తుపట్టేస్తారు. మా చేతిరాత ముప్ఫై ఏళ్ల తర్వాత కూడా నిన్న గుర్తుపట్టారు కదా.

చీటీల్లో ఏం వచ్చింది, దాంట్లో ఏం చేయబోతున్నాం, ఏది చేయలేం అన్నది పెద్ద అక్షరాలతో రాసి పదిహేను రోజుల్లోగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. అలా పెట్టకపోతే రెండోసారి అడిగినప్పుడు ఒక్కరూ నిజం రాయరు. సంక్రాంతి సెలవుల తర్వాత అవే ప్రశ్నలు, ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ అడగాలి. అప్పుడే ఏమైనా మారిందో లేదో తెలుస్తుంది. నాలుగైదేళ్లు ఇలా చీటీలు పోగైతే, అప్పుడు ఈ బడి పిల్లలకే డెసిషన్ ట్రీ ఎలా కట్టాలో నేర్పుదాం. వాళ్ల సొంత డేటా, వాళ్ల సొంత భాష. నేను వచ్చి చెబుతాను.

ప్రశ్నల ముసాయిదా రెండు పేజీలు ముద్రించి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. తప్పులుంటే పెన్నుతో కొట్టేసి అక్కడే వదిలేయండి. చీటీలు చదవడానికి రాగలిగినవాళ్లు, ముఖ్యంగా అక్కలు నలుగురైదుగురు, పక్కనే ఉన్న నోటుబుక్కులో పేరు, బ్యాచి, వీలైన సాయంత్రం రాయండి.